ఎడమ చెయ్యెత్తిన పిల్ల

“నన్ను అబద్ధం చెప్పమంటే చెప్పను అత్తయ్యా. ఇంక వదిలెయ్యండి,” అంది కోడలు, గిన్నె తోముతూ. ఆ గిన్నె ఎప్పుడో తెల్లబడింది. అయినా తోముతూనే ఉంది.

“నేను అబద్ధం చెప్పమన్నానా? అడగనిది చెప్పొద్దన్నాను. రెండింటికీ తేడా లేదూ?” అంది మేడమ్.

ఆవిడని ఊరంతా మేడమ్ అనే పిలుస్తుంది. టీచర్ల ట్రైనింగు కాలేజీలో ఆరోగ్య బోధన చెబుతుంది. బడిపిల్లలకి ఒంటి సంగతులు ఎలా చెప్పాలో, రేపు టీచర్లు కాబోయేవాళ్లకి నేర్పే పని. పాలు పోసేవాడికీ మేడమే, కూరగాయల బండివాడికీ మేడమే. సొంత కొడుకు కూడా చిన్నప్పుడు కొన్నాళ్లు మేడమ్ అనే పిలిచాడు. ఆ అలవాటు మాన్పించడానికి ఆవిడకి తల ప్రాణం తోకకి వచ్చింది. ఇప్పుడు కోడలు ఆ కాలేజీలోనే ఆఖరి ఏడు చదువుతోంది. ఇంట్లో అత్తయ్య, కాలేజీలో మేడమ్. ఇన్నాళ్లూ ఆ రెండు పిలుపులూ ఒక ఒరలోనే సర్దుకున్నాయి. పోయిన వారం నుంచి సర్దుకోవడం లేదు.

“మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో ఏమడుగుతారు? పాఠం ఎలా జరిగింది అంటారు. బాగా జరిగిందంటావు. జరగలేదా? ఆ పిల్ల ఒంట్లో బాగాలేదని చెప్పిందా అంటారు. లేదంటావు. చెప్పిందా మరి?”

“చెప్పలేదు. చెయ్యెత్తింది.”

“ఎడమ చెయ్యి.”

“ఎడమ చెయ్యి చెయ్యి కాదా అత్తయ్యా?”

మేడమ్ కొడుకు టీ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కళ్లద్దాల దుకాణం అతనిది. ఊళ్లో అందరికీ చూపు సరిచేసి పంపిస్తాడు గానీ ఇంట్లో ఎటు చూడాలో అతనికి తెలియడం లేదు. “అమ్మా, నువ్వు కాస్త తగ్గు. ఏమోయ్, నువ్వూ కాస్త ఊరుకో,” అన్నాడు. ఇద్దరూ ఒక్కసారి అతని వంక చూశారు. అడకత్తెరలో పోకచెక్క బతుకు ఎంతసేపు! కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

ఆ ఎడమ చెయ్యి సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. మేడమ్ కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ఇన్‌స్పెక్టరు క్లాసులోకి వచ్చి, చెయ్యెత్తని పిల్లవాణ్ణే ఏరి లేపాడు. వాడికి జవాబు రాలేదు. క్లాసంతా నవ్వింది. వాడు నిక్కరు తడుపుకున్నాడు, మర్నాటి నుంచి బడి మానేశాడు. ఆవిడ ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చింది. ఏడ్చి, ఒక ఉపాయం కనిపెట్టింది. ఇక మీద క్లాసులో అందరూ చెయ్యెత్తాలి. తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. టీచరు కుడిచేతుల్నే అడుగుతుంది. చూసేవాళ్లకి క్లాసంతా చురుగ్గా కనిపిస్తుంది, ఏ పసివాడి పరువూ పోదు.

జాలితో పుట్టిన ఉపాయం అది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లంతా దాన్ని తమ బళ్లకి పట్టుకెళ్లారు. పరీక్షాధికారి వచ్చిన ప్రతిచోటా చేతులు అడవిలా లేచేవి. ఇది టీచర్లందరికీ తెలిసిన రహస్యం. ఎవరూ ఎవరితోనూ అనరు.

కోడలి ఆఖరి పరీక్ష పాఠం కాలేజీ పక్కనున్న బళ్లో, ఐదో తరగతిలో జరిగింది. ‘మన ఒళ్లు మనతో చెప్పే మాటలు’ అని పేరు పెట్టుకుంది. దాహం, నీరసం, నొప్పి, జ్వరం ఇవన్నీ ఒళ్లు చెప్పే మాటలే, విన్న వెంటనే పెద్దవాళ్లకి చెప్పాలి, అదీ పాఠం. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు కుర్చీలో కూర్చున్నాడు. మేడమ్ వెనక బెంచీలో కూర్చుంది. “ఈమధ్య ఒంట్లో ఏదైనా తేడా తెలిసినవాళ్లు ఎవరు?” అని కోడలు అడిగింది. చేతులన్నీ లేచాయి. ముందురోజు తర్ఫీదు ఇచ్చిన ఇద్దరు కుడిచేతులు ఎత్తారు. ఒకడు పన్ను నొప్పి అన్నాడు, ఒకతె తలనొప్పి అంది. చప్పట్లు. చేతులన్నీ దిగాయి. కిటికీ పక్కన ఒక పిల్ల ఎడమ చెయ్యి మాత్రం దిగలేదు.

బక్కపలచని పిల్ల. అస్తమానం నీళ్లు తాగుతుందని క్లాసులో ‘చేప’ అని పేరు పెట్టారు. బయటికి వెళ్లాలని లేచినప్పుడల్లా అందరూ నవ్వేవారు. కోడలి చూపు ఆ చేతి మీద ఒక్క క్షణం ఆగింది, దాటిపోయింది. పరీక్షాధికారి పాఠాన్ని మెచ్చుకున్నాడు. ఆ వారం తిరక్కుండానే చేప ఇంట్లో వాంతులు చేసుకుని, ఎగశ్వాస పీలుస్తూ, తెలివి తప్పి పడిపోయింది. ఆస్పత్రిలో రక్తం చూసి, షుగరన్నారు.

“పిల్లలకి షుగరేమిటి?” అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. వస్తుందని మేడమ్‌కి తెలుసు. పాఠంలో రెండు ముక్కలు చెబుతుంది కూడా. నిన్న సాయంత్రం ఆ పిల్ల కళ్లు తెరిచిందని కబురొచ్చింది. మేడమ్ ఆస్పత్రికి ఇంతవరకూ వెళ్లలేదు. ప్రతిరోజూ వెళ్దామనే అనుకుంది.

“అత్తయ్యా, ఒక్కటడుగుతాను,” అంది కోడలు, గిన్నె దించి. “లెక్కల్లో తెలియని పిల్లని దాటేస్తే, ఆ లెక్క రేపైనా నేర్చుకుంటుంది. ఒంటి పాఠంలో దాటేస్తే? అసలు ఆ పాఠం ఎవరికోసం చెప్పాను నేను? ఏ జబ్బూ లేనివాళ్ల కోసమా?”

జవాబు లేనప్పుడు మేడమ్ గొంతు పెరుగుతుంది.

“ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారట! నీ సర్టిఫికెట్టు సంగతి ఏమవుతుందో ఆలోచించావా? సరే, నీది పోనీ. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఎన్ని బళ్లలో ఉన్నారు! మేడమ్ నేర్పిందంటే అది పిల్లల మంచికే అనుకుని తీసుకెళ్లారు వాళ్లు. రేపు వాళ్ల మొహాలు నేనెలా చూడను? నువ్వు చెప్పు, ఎలా చూడను?”

చివరి మాట దగ్గర గొంతు జీరబోయింది. ఆవిడ అలా మాట్లాడగా కోడలు ఎప్పుడూ వినలేదు. కొళాయి కట్టేసింది. వరండాలో కొడుకు దగ్గాడు.

“నేను ముందు వెళ్తున్నాను,” అంది మేడమ్, చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ. “నువ్వు వెనక రా.”

రోజూ ఇద్దరూ ఒకే బస్సులో వెళ్తారు.

*

కాలేజీ క్లాసు గది గోడల నిండా మేడమ్ చేయించిన పటాలే, పక్క బళ్లోనూ ఇవే. పళ్లు తోముకునే తీరు, చేతులు కడుక్కునే తీరు, ఊపిరితిత్తులు. తలుపు పక్కన నీలిరంగు పటం మీద పెద్ద అక్షరాలతో ‘నీళ్లు బాగా తాగాలి’ అని ఉంది. ఆ రోజు దోమల పాఠం చెప్పాలి. ఆవిడ సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడి, దోమ అని రాసి, చెరిపేసింది.

“పిల్లలకి షుగరు జబ్బు వస్తే ముందుగా ఏమేమి కనిపిస్తాయో ఎంతమందికి తెలుసు?” అని అడిగింది.

గది నిండా చేతులు లేచాయి. ఆవిడకి ఎప్పుడూ ముచ్చటేసే దృశ్యం అది. ఇవాళ మొదటిసారి చేతుల్ని విడివిడిగా చూసింది. సగానికి పైగా ఎడమచేతులు. గడ్డాలు మీసాలు వచ్చినవాళ్లు, పిల్లల తల్లులైనవాళ్లు, ఈ ఏడాది బళ్లలో చేరి పాఠాలు చెప్పబోయేవాళ్లు ఆవిడ ఎదుటే ఎడమచేతులు ఎత్తి, తమని అడగరన్న ధీమాతో కూర్చున్నారు.

వెనక వరసలో ‘పహిల్వాన్’ అనే కుర్రాడున్నాడు. పేరుకి తగ్గ మనిషి, బెంచీలో సగం అతనికే కావాలి.

“నువ్వు చెప్పు,” అంది మేడమ్.

అతను బిత్తరపోయాడు. ఎత్తిన చేతిని ఒకసారి తనే చూసుకున్నాడు. “మేడమ్, నాది... ఎడమ చెయ్యి మేడమ్.”

ఎవరో కిసుక్కున నవ్వారు. “తెలుసు. అందుకే అడుగుతున్నాను,” అంది ఆవిడ. నవ్వు ఆగిపోయింది.

“తెలీదు మేడమ్.”

“పోయిన నెల చెప్పాను కదా.”

“చెప్పారు. అప్పుడూ నాకు అర్థం కాలేదు.”

“మరి అడగలేదే?”

పహిల్వాన్ తల వంచుకున్నాడు. “చెయ్యెత్తాను మేడమ్.”

మేడమ్ కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. వాడు ఆవిణ్ణి దెప్పలేదు. జరిగిందే చెప్పాడు. అప్పుడు కూడా తను వాణ్ణి చూసే ఉంటుంది. చూసి, ఎడమ కదా అని దాటేసి ఉంటుంది.

“ఇప్పుడు చెప్తాను, రాసుకోండి,” అని మొదలుపెట్టింది. “ఆపకుండా దాహం. మాటిమాటికీ బయటికి వెళ్లడం. తింటున్నా చిక్కిపోవడం...” అక్కడిదాకా చెప్పి, ఆపింది. ఒక్కొక్క మాటా చెబుతుంటే కిటికీ పక్కన కూర్చున్న పిల్ల మొహమే కనిపిస్తోంది.

“మేడమ్, ఒక్క నిమిషం,” అని గుమ్మం దగ్గర్నుంచి పిలుపు వినిపించింది. ప్రిన్సిపాల్. ఒకప్పుడు అదే గదిలో ఆవిడ దగ్గర చదువుకున్నాడు, క్లాసుకి లీడరు. అప్పటి నుంచీ అతనికి ‘మానిటర్’ అని పేరు. నలుగురిలో ఆవిడ అతన్ని సార్ అంటుంది, ఒంటరిగా దొరికితే నువ్వంటుంది. రెండింటికీ అతను ఒకేలా చేతులు కట్టుకుంటాడు.

“పిల్ల తండ్రి మధ్యాహ్నం వస్తున్నాడు మేడమ్,” అన్నాడు వరండాలో, గొంతు తగ్గించి. “మనం గట్టిగా ఏమీ అనొద్దు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. పాఠంలో పిల్లలకి అన్నీ చెప్పాం, ఇలాంటివి ముందుగా కనిపెట్టాల్సింది ఇంట్లో తల్లి, అని ఒక్క ముక్క అంటే చాలు.”

“తల్లి అనా?”

“వాళ్ల ఇంట్లోవాళ్లే అంటున్నారు. ఆవిడ పొద్దస్తమానం కుట్టుమిషను మీద ఉంటుందట, పిల్లని పట్టించుకోదట. మనం కొత్తగా అనేదేముంది?”

“ఎడమ చెయ్యి సంగతి ఎవరికైనా చెప్పావా?”

“అయ్యో, నేనెందుకు చెప్తాను! నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పించాను. తిలాపాపం తలా పిడికెడు,” అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అతనూ మానేశాడు. “మీ కోడలితో మీరు మాట్లాడారు కదా మేడమ్? ఆ అమ్మాయి ఏమీ...”

“మాట్లాడాను.”

అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు. ఆవిడ క్లాసులోకి తిరిగి వెళ్లలేదు. ప్రిన్సిపాల్ గది దాటి, ఆఫీసు దాటి, గేటు దగ్గరికి వచ్చేసింది. ఆస్పత్రి వైపు వెళ్లే బస్సు వస్తే ఎక్కింది. అక్కడికి వెళ్లి ఏం చెయ్యాలో ఆవిడకి తెలియదు. పిల్లని చూసి, పళ్లు చేతిలో పెట్టి వచ్చెయ్యొచ్చు అనుకుంది. బస్సు దిగాక పళ్లు కొనడం కూడా మర్చిపోయింది.

*

పిల్లల వార్డు బయట పొడుగాటి నడవ. తలుపు పక్కన చెప్పులు విడిచే అర, గోడవారగా బెంచీ, ఫినాయిలు వాసన. బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. మెడలో బట్టలు కొలిచే టేపు వేలాడుతోంది. ఇంటి నుంచి ఉన్నపళంగా వచ్చినప్పుడు వేసుకున్నది, తియ్యాలని కూడా తోచనట్టుంది. మేడమ్‌ని చూసి గభాల్న లేచింది.

“మేడమ్ గారూ! మీరెందుకు వచ్చారండీ ఇంత దూరం!”

“కూర్చోమ్మా. పాప ఎలా ఉంది?”

“నిద్రపోతోంది. మనిషిలో పడిందన్నారు.” మేడమ్‌కి చోటిచ్చి, బెంచీ చివరికి జరిగి కూర్చుంది. “రోజూ ఇంజెక్షను ఉండాలట. జీవితమంతా. నర్సమ్మ నన్నే చెయ్యమంటోంది. రోజంతా సూదితోనే కదండీ నా పని, పిల్ల ఒంటికి గుచ్చాలంటే మాత్రం చెయ్యి ఆడటం లేదు.”

“అలవాటవుతుంది.”

“అవుతుందంటున్నారు.”

తర్వాత అడక్కుండానే ఆవిడ చెప్పుకొచ్చింది. ఇన్నాళ్లూ చెప్పుకోడానికి మనిషి దొరకనట్టుంది.

“నీళ్లు తెగ తాగేది. మంచిదే అనుకున్నాను. నీళ్లు బాగా తాగాలని బళ్లో బొమ్మ ఉందమ్మా అనేది. చిక్కిపోతుంటే ఎదిగే పిల్ల కదా, పొడుగు సాగుతోందనుకున్నాను. స్కూలు గౌను వదులైందంటే రెండుసార్లు కుట్టు బిగించాను. నా చేత్తో నేనే కొలిచాను మేడమ్ గారూ. కొలత తగ్గింది, నాకు తెలుసు. ఎందుకు తగ్గిందో బుర్రకి తట్టలేదు.”

ఆ బొమ్మ మేడమ్ గీయించినదే.

“ఆయన నాతో మాట్లాడటం మానేశారు. మా అత్తగారైతే, పిల్ల తల్లికి చెప్పకుండా ఉంటుందా, చెప్పే ఉంటుంది, నీకే మిషను చప్పుళ్లో వినపడలేదు అంటోంది. నిజంగా చెప్పిందేమో నాకే గుర్తు లేదేమో అని నాకూ అనుమానం వచ్చేసింది.” టేపు చివర వేలికి చుట్టుకుని, విప్పింది. “పాప కళ్లు తెరిచాక ఒకటే మాట అంటోందండీ. నేను బళ్లో చెప్దామని చెయ్యెత్తానమ్మా, కొత్త టీచరు నన్ను అడగలేదు అని. అదంతా మగత, పలవరింత అని మా ఆడపడుచు కొట్టిపారేసింది. మీరు ఆ రోజు ఆ క్లాసులోనే ఉన్నారట కదా. అది పలవరింతేనా?”

పిల్లలు అలాగే అంటారమ్మా, పట్టించుకోకు. ఈ మాట మేడమ్ నాలిక మీదికి వచ్చేసింది. తియ్యటి మాట, ఎన్నోసార్లు ఎందరో తల్లులతో అన్న మాట. అనేస్తే ఈ పూటకి గండం గడుస్తుంది. పక్కన కూర్చున్న మనిషి తన కొలతని తనే తప్పుపట్టుకుంటూ, ఈ జన్మంతా బతికేస్తుంది.

“పలవరింత కాదమ్మా,” అంది మేడమ్. “చెయ్యెత్తింది. నేను చూశాను.”

ఆ తర్వాత ఆగలేదు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, ముందురోజు ఇచ్చిన తర్ఫీదు, అన్నీ చెప్పింది. ఆ ఉపాయం తనదేనని చెప్పింది. “అందరూ దించేసినా మీ అమ్మాయి దించలేదు. నేను వెనక బెంచీలోంచి చూస్తూనే ఉన్నాను. ఏమనుకున్నానో తెలుసా? మా కోడలు పిల్లలకి ఎంత బాగా నేర్పింది, తెలియని పిల్ల కూడా బెదరకుండా చెయ్యెత్తింది అని మురిసిపోయాను. ఈ మాట మా ఇంట్లో కూడా నేను చెప్పలేదు.”

కుట్టుపని ఆవిడ బెంచీ మీద ఇటు తిరిగింది.

“ఎడమచెయ్యి ఎత్తితే అడగరని మా పిల్లకి తెలుసా?”

“తెలుసు.”

“మరి కుడిచెయ్యి ఎత్తొచ్చు కదా,” అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. మళ్లీ తనే, “దానికి ఒంట్లో ఏమిటో తెలీదు కదండీ. తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తమన్నారు. మీరు చెప్పినట్టే చేసింది,” అంది.

కోపంగా అని ఉంటే మేడమ్ తట్టుకునేది. ఆ గొంతులో కోపం లేదు. మేడమ్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది, సిగ్గు పడకుండా ఏడ్చింది. వార్డులోకి వెళ్తున్న నర్సు ఆగి చూసి, ఏ తల్లో అనుకుని వెళ్లిపోయింది.

అప్పుడే నడవ చివర మనుషులు కనిపించారు. ముందు పిల్ల తండ్రి, గోడలకి రంగులు వేసే మనిషి, చేతుల మీద సున్నపు చుక్కలు అలాగే ఉన్నాయి. పక్కనే ప్రిన్సిపాల్, అతని భుజం మీద చెయ్యి వేసి. వెనక కోడలు, నాలుగడుగులు దూరంగా.

“మేడమ్ ఇక్కడున్నారా!” అన్నాడు ప్రిన్సిపాల్. “మీ కోసం చూసి చూసి, ఇలా వచ్చి ఉంటారని బయల్దేరాం. ఇంక మీరేం ఇబ్బంది పడక్కర్లేదు మేడమ్. అమ్మాయి ఉన్నదంతా చెప్పేసింది. నిజాయితీ గల పిల్ల.”

మేడమ్ కోడలి వంక చూసింది. కోడలు ఆవిడ వంక చూడలేదు. పిల్ల తల్లి వైపు తిరిగి, చేతులు జోడించింది.

“పాప చెయ్యెత్తిందండీ. నేను చూసి కూడా అడగలేదు. తప్పు నాదే. కుడీ ఎడమా అని పిల్లలకి నేర్పింది కూడా నేనే, నా అతి తెలివితో. మేడమ్‌కి ఇందులో ఏమీ తెలీదు. ఆవిడ వెనక కూర్చున్నారు, అక్కడి నుంచి కిటికీ వైపు కనపడదు.”

పొద్దున గిన్నె పట్టుకుని అబద్ధం చెప్పనని మొండికేసిన పిల్ల. ఇప్పుడు నిజంలో అబద్ధం కలిపి, తడబడకుండా ఒప్పజెబుతోంది. ఎవరి గొంతు జీరబోవడం విని ఈ పిల్ల ఇలా చేసిందో మేడమ్‌కి అర్థమైంది.

“కొత్త పిల్ల, అనుభవం లేదు,” అన్నాడు ప్రిన్సిపాల్ తండ్రితో. “అయినా తప్పు తప్పే. రేపట్నుంచి కాలేజీకి రాదు. ఇలాంటివాళ్లు టీచర్లు కాకూడదని మేమూ అనుకుంటాం. ఒక్క మనిషి పొరపాటు బాబూ ఇది. మా దగ్గర ఇలాంటివి నేర్పరు.”

మేడమ్ గుండెల మీద నుంచి ఏదో దిగింది. ఊరట. పచ్చి ఊరట. ఆ బళ్లన్నీ, ఆ మొహాలన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. కోడలికి దుకాణంలో పని ఉంది, ఇల్లుంది, మొగుడున్నాడు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అలా అనుకుంటున్నందుకు ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది. పుట్టినా, లేవలేదు.

పిల్ల తండ్రి పళ్లు బిగించి కోడలి వంక చూస్తున్నాడు. “నీకు పిల్లలున్నారామ్మా?” అన్నాడు. కోడలు తల అడ్డంగా ఊపింది. “అందుకే,” అన్నాడు. అయినా కోడలు జోడించిన చేతులు దించలేదు.

“మేడమ్ గారూ.”

పిలిచింది కుట్టుపని ఆవిడ. ఇన్నాళ్లూ మొగుడి ముందు నోరెత్తని మనిషి, లేచి నిలబడింది.

“ఇందాక నాతో చెప్పిన మాట ఈయనతో కూడా చెప్పండి.”

“ఏ మాట?” అన్నాడు ప్రిన్సిపాల్ చప్పున. నవ్వబోయాడు. “మేడమ్ అలిసిపోయి ఉన్నారు, తర్వాత మాట్లాడుకోవచ్చు. పదండి మేడమ్, నేను ఇంటి దగ్గర దింపుతాను.”

కోడలు అప్పుడు తలెత్తింది. అత్తగారి చెమ్మ కళ్లు చూసింది, సంగతి గ్రహించింది. వద్దు, వద్దని కళ్లతోనే బతిమాలింది. ఆవిడ చదువు చెప్పిన ఇద్దరు ఆవిడ ముందు నిలబడి ఉన్నారు, ఇద్దరికీ ఆవిడ నోరు విప్పకపోవడమే కావాలి. ఒకరికి భయం కొద్దీ, ఇంకొకరికి ప్రేమ కొద్దీ.

పిల్ల తండ్రి ప్రిన్సిపాల్ చేతిని భుజం మీద నుంచి తీసేశాడు. వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. వార్డులో పాప నిద్రలేచినట్టుంది, సన్నగా అమ్మా అని పిలుపు వినిపించింది. ఆ తల్లి కదల్లేదు.

“చెప్పండి మేడమ్,” అన్నాడు అతను. “ఏం చెప్పారు నా భార్యతో?”